రోగి మంచం పక్కనే ఎదగండి

మన ఆసుపత్రుల్లో నర్సు ఎదగాలంటే వార్డు వదిలెయ్యాలి. ఇలా అని ఎక్కడా రాసిపెట్టలేదు, జరిగేది మాత్రం ఇదే. బాగా పనిచేసే స్టాఫ్ నర్సు హెడ్ నర్సవుతుంది. ఆపైన సూపరింటెండెంటై డ్యూటీ రోస్టర్లు, ఇండెంట్లు చూసుకుంటుంది. ఎమ్మెస్సీ నర్సింగ్ చేసినవాళ్లలో ఎక్కువమంది కాలేజీలో ట్యూటర్ ఉద్యోగానికి వెళ్లిపోతారు. వెంటిలేటర్ అలారం మోగకముందే రోగి మొహం చూసి తేడా పసిగట్టే సిస్టర్ ఐసీయూ నుంచి వెళ్లిపోతే, ఆ లోటు నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి తీర్చలేదు. నష్టపోయేది ఆ రాత్రి ఆ మంచం మీద ఉన్న మనిషి.

అనుభవం పెరిగేకొద్దీ రోగికి దూరం జరగడమే పదోన్నతి అనే ఈ అలవాటును ఒప్పుకోని చదువు ఒకటుంది. అమెరికాలో దాన్ని క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్ అంటారు, క్లుప్తంగా సీఎన్‌ఎస్. బీఎస్సీ నర్సింగ్ చేసి, అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి, డాలస్‌లోనో చికాగోలోనో పన్నెండు గంటల షిఫ్టులు చేస్తున్న తెలుగు నర్సులున్నారు. గుంటూరులోనో వరంగల్‌లోనో డ్యూటీ చేసుకుంటూ ఆ దారి గురించి ఆలోచిస్తున్నవాళ్లూ ఉన్నారు. "తర్వాత ఏం చదవాలి?" అన్నది ఇద్దరి ప్రశ్నా. కాలేజీల పేర్లు వెతకడం కాసేపు ఆపండి. రాబోయే పదిహేనేళ్లు ఏ పని చేస్తూ ఉండగలరో ముందు తేల్చుకోండి. ఆ సంగతి తేలితే డిగ్రీ ఎంచుకోవడం సగం సులువవుతుంది.

ఈ చదువు పుట్టిన తీరే ధైర్యమిస్తుంది. 1954లో న్యూజెర్సీ రాష్ట్రంలోని రట్గర్స్‌లో హిల్డెగార్డ్ పెప్లావ్ మానసిక రోగుల సంరక్షణలో నిపుణులైన నర్సుల కోసం మాస్టర్స్ కోర్సు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అక్కడ కూడా నర్సుకు పైచదువంటే పాఠాలు చెప్పడానికో, పరిపాలన చూడడానికో పనికొచ్చేదే. రోగితో కూర్చుని చేసే పనిలోనే మాస్టర్స్ స్థాయి నైపుణ్యం ఉందని పెప్లావ్ నమ్మారు, దాన్నే కోర్సుగా మలిచారు. ఇవాళ అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సుల్లో నాలుగు రకాలున్నాయి: నర్స్ ప్రాక్టీషనర్, నర్స్ మిడ్‌వైఫ్, నర్స్ అనెస్థటిస్ట్, సీఎన్‌ఎస్. వీటిలో జనానికి తక్కువ తెలిసింది సీఎన్‌ఎస్సే.

మీకు దేని మీద కోపం వస్తుంది?

సీఎన్‌ఎస్ ఏం చేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక ఐసీయూలో మెడ దగ్గర పెట్టిన సెంట్రల్ లైన్ల వల్ల ఇన్ఫెక్షన్లు పెరిగాయి. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తారు, స్టాఫ్ నర్సు ఎక్కిస్తుంది, ఆ రోగి బాగుపడతాడు. వచ్చే వారం ఇంకో రోగికి అదే మొదలవుతుంది. సీఎన్‌ఎస్ ముందు రోగి దగ్గరికి వెళ్లి పరీక్షిస్తుంది. తర్వాత నైట్ డ్యూటీలో డ్రెస్సింగ్ ఎలా మారుస్తున్నారో పక్కన నిలబడి చూస్తుంది. కిట్‌లో ఉండాల్సిన వస్తువు రెండు వేర్వేరు అల్మారాల్లో ఉండడం, హడావుడిలో ఒక మెట్టు జారిపోవడం గమనిస్తుంది. కొత్త పరిశోధనలు చదివి పద్ధతి మారుస్తుంది, నర్సులకు చేయిపట్టుకుని నేర్పిస్తుంది, స్టోర్సుతో మాట్లాడి కిట్ మార్పిస్తుంది, మూడు నెలల తర్వాత అంకెలు తీసి చూస్తుంది. రోగి, నర్సులు, ఆసుపత్రి వ్యవస్థ, ఈ మూడు చోట్లా ఆమె పని ఉంటుంది. కోర్సులో నేర్పేదీ ఈ మూడింటి గురించే.

నర్స్ ప్రాక్టీషనర్ దారి వేరు. తనకంటూ రోగులుంటారు. రోగాన్ని నిర్ధారిస్తుంది, మందులు రాస్తుంది, మళ్లీ రమ్మంటుంది. సీఎన్‌ఎస్ కూడా చాలా రాష్ట్రాల్లో ఇవి చేయగలదు కానీ, రోజులో ఎక్కువ భాగం అలా గడవదు.

రెండింటిలో మీది ఏదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్లేటప్పుడు మిమ్మల్ని తినేసేది ఏమిటో రెండు వారాలు రాసుకోండి. "ఆ పెద్దాయనకు డోసు మార్చాలని నాకు తెలుసు, డాక్టరు వచ్చేదాకా కూర్చోవాల్సి వచ్చింది" అనే మాట పదే పదే వస్తుంటే మీరు ప్రాక్టీషనర్ వైపు వెళ్లండి. "ఈ నెలలో ఇది మూడో బెడ్ సోర్, ముగ్గురికీ ఒకే కారణం, ఎవరూ పట్టించుకోవడం లేదు" అనే బాధ మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే మీలో సీఎన్‌ఎస్ ఉంది. ఇష్టాలు అడిగితే మనం నలుగురూ మెచ్చే జవాబు చెబుతాం. కోపానికి ఆ మొహమాటం ఉండదు, కాబట్టి దాన్నే అడగండి.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. ప్రాక్టీషనర్ ఉద్యోగాల ప్రకటనలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి, సీఎన్‌ఎస్ ప్రకటనలు తక్కువ. 1990ల్లో ఆసుపత్రులు ఖర్చు తగ్గించుకున్నప్పుడు ముందుగా కోత పడిన పోస్టుల్లో ఇవీ ఉన్నాయి. సీఎన్‌ఎస్ చేసిన మేలు బిల్లులో కనిపించదు, రాని ఇన్ఫెక్షన్‌కు రసీదు ఉండదు. అందుకే ఈ దారి ఎంచుకునేవాళ్లు తమ పనిని అంకెల్లో చూపించడం మొదటి రోజు నుంచే నేర్చుకోవాలి. మొహమాటపడే మన అమ్మాయిలకు ఇది కొంచెం కష్టమైన పాఠమే. అయినా నేర్చుకోక తప్పదు.

ఏ వయసు రోగులు?

2008లో అమెరికా నర్సింగ్ సంస్థలు కలిసి ఒక ఒప్పంద నమూనా తయారుచేశాయి. దాని ప్రకారం చదువు, ధ్రువీకరణ పరీక్ష, లైసెన్సు మూడూ ఒకే పాత్రకు, ఒకే రోగుల వర్గానికి చెందినవై ఉండాలి. కాగితం మీద ఆరు వర్గాలున్నాయి. సీఎన్‌ఎస్‌గా కొత్తగా పరీక్ష రాయడానికి వీలున్నవి మాత్రం మూడే: పెద్దలు-వృద్ధులు, పిల్లలు, నవజాత శిశువులు. మానసిక వైద్యంలో సీఎన్‌ఎస్ పరీక్ష కొత్తవారికి మూసేశారు. పెప్లావ్ మొదలుపెట్టిన విభాగానికే ఇలా కావడం నాకు బాధగా ఉంటుంది. ఆ రంగం మీద మనసున్నవాళ్లు ఇవాళ మానసిక ఆరోగ్య నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో చేరుతున్నారు. డయాబెటిస్, క్యాన్సర్, గుండె జబ్బులు అనేవి ఈ వర్గాల లోపల మీరు సంపాదించుకునే ప్రత్యేకత. లైసెన్సు మాత్రం వర్గం పేరు మీదే వస్తుంది.

పెద్దల విభాగానికి అమెరికన్ నర్సెస్ క్రెడెన్షియలింగ్ సెంటర్ పరీక్ష పెడుతుంది. క్రిటికల్ కేర్ నర్సుల సంఘం మూడు వర్గాలకూ పెడుతుంది. ఈ సంఘానికీ, నర్సింగ్ కాలేజీల సంఘానికీ పొడి అక్షరాలు ఒకటే: ఏఏసీఎన్. దరఖాస్తు ఫీజు కట్టేముందు ఎవరి వెబ్‌సైట్‌లో ఉన్నారో చూసుకోండి.

మాస్టర్సా, డాక్టరేటా?

బీఎస్సీ ఉన్న నర్సుకు రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి ఎంఎస్‌ఎన్, అంటే మాస్టర్స్. పూర్తికాలం చదివితే సుమారు రెండేళ్లు, ఉద్యోగం చేస్తూ చదివితే మూడేళ్లు పడుతుంది. రెండోది బీఎస్సీ నుంచి నేరుగా డీఎన్‌పీ అనే వృత్తి డాక్టరేట్, మూడు నాలుగేళ్ల పని. ఇప్పటికే వేరే విభాగంలో అమెరికా మాస్టర్స్ ఉన్నవాళ్లు మొత్తం మళ్లీ చదవనక్కర్లేదు. పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అని ఉంటుంది, అందులో కావలసిన పేపర్లు, క్లినికల్ గంటలు మాత్రం పూర్తిచేస్తే పరీక్షకు అర్హత వస్తుంది. డిప్లొమా, అసోసియేట్ డిగ్రీ ఉన్న ఆర్‌ఎన్‌లను (రిజిస్టర్డ్ నర్సులను) నేరుగా మాస్టర్స్ దాకా తీసుకెళ్లే బ్రిడ్జి కోర్సులు కొన్ని కాలేజీల్లో ఉన్నాయి. పీహెచ్‌డీ పరిశోధకుల కోసం. దానితో ఎవరూ సీఎన్‌ఎస్ కారు.

డీఎన్‌పీ తప్పనిసరి అని చాలామంది భయపెడతారు. కాలేజీల సంఘం 2004లో ఒక తీర్మానం చేసి, 2015 కల్లా అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ చదువంతా డాక్టరేట్ స్థాయికి మారాలని కోరింది. ఆ గడువు దాటిపోయింది, మాస్టర్స్ ఇంకా చెల్లుతోంది. సీఎన్‌ఎస్‌ల జాతీయ సంఘం 2030ని లక్ష్యంగా పెట్టుకుంది. పరీక్ష పెట్టే సంస్థలు ఇప్పటికీ మాస్టర్స్‌ను అంగీకరిస్తున్నాయి. కొన్ని కాలేజీలు మాత్రం మాస్టర్స్ స్థాయి సీఎన్‌ఎస్‌ను మూసేసి డీఎన్‌పీకి మారిపోయాయి. అందుబాటులో ఉన్న కాలేజీ అలాంటిదైతే మీకు ఎంపిక లేదు. ఎంపిక ఉంటే, ఇంటి అప్పు, చిన్నపిల్లలు ఉన్న నర్సుకు నా సలహా ఇది: ముందు మాస్టర్స్ చేసి ఉద్యోగంలో చేరండి, డీఎన్‌పీ తర్వాత చెయ్యవచ్చు. ముప్పై లోపు వయసు, బాధ్యతలు తక్కువ, విశ్వవిద్యాలయంలో బోధించాలన్న కోరిక కూడా ఉంటే నేరుగా డీఎన్‌పీకి వెళ్లడం మంచిది.

చేరేముందు అడగాల్సినవి

కాలేజీ భవనాలు, ర్యాంకులు తర్వాత చూడండి. నర్సింగ్ కోర్సుకు గుర్తింపు ఉందా? సీసీఎన్‌ఈ, ఏసీఈఎన్, సీఎన్‌ఈఏ, ఈ మూడు సంస్థల్లో ఒకటి గుర్తించి ఉండాలి. పాథోఫిజియాలజీ, శరీర పరీక్ష, ఫార్మకాలజీ మూడూ అడ్వాన్స్‌డ్ స్థాయిలో, విడివిడి పేపర్లుగా ఉన్నాయా? సీఎన్‌ఎస్ పాత్రలో పర్యవేక్షణ కింద కనీసం 500 క్లినికల్ గంటలు ఉన్నాయా? ట్రాన్‌స్క్రిప్ట్ మీద సీఎన్‌ఎస్ అనీ, రోగుల వర్గం అనీ స్పష్టంగా రాస్తారా? "నర్సింగ్ ఎడ్యుకేషన్", "లీడర్‌షిప్" అనే మాస్టర్స్ డిగ్రీలు మంచివే కావచ్చు. వాటితో ఈ పరీక్ష రాయనివ్వరు. రెండేళ్లు చదివాక ఈ సంగతి తెలిస్తే పోయిన కాలాన్ని ఎవరూ తిరిగివ్వరు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న చాలామంది అడగరు: "ప్రిసెప్టర్‌ను మీరు చూస్తారా, నేనే వెతుక్కోవాలా?" మీ పక్కన ఉండి ఆ గంటల్లో పని నేర్పే అనుభవజ్ఞులే ప్రిసెప్టర్. చాలా కోర్సులు ఈ బాధ్యత విద్యార్థి మీదే పెడతాయి. దేశంలో సీఎన్‌ఎస్‌లే తక్కువ కాబట్టి దొరకడం తేలిక కాదు. ఆన్‌లైన్ కోర్సులో పాఠాలు ఇంట్లో వింటారు కానీ, ఆ 500 గంటలు ఏదో ఒక ఆసుపత్రిలో నిలబడి చెయ్యాల్సిందే. మీరుండే రాష్ట్రంలో విద్యార్థులకు క్లినికల్ శిక్షణ ఇప్పించే అనుమతి ఆ కాలేజీకి ఉండాలి. దరఖాస్తు చెయ్యడానికి ఏడాది ముందే మీ ఆసుపత్రిలో సీఎన్‌ఎస్ ఎవరో కనుక్కోండి. ఒక రోజు సెలవు పెట్టుకుని ఆమె వెంట తిరుగుతానని అడగండి. ఆమె నడుపుతున్న ప్రాజెక్టులో చార్టుల ఆడిట్ లాంటి విసుగు పని తీసుకుని శ్రద్ధగా చెయ్యండి. ఇలా పని చేసి చూపించిన నర్సును తర్వాత కాదనడానికి ఎవరికీ మనసొప్పదు.

రాష్ట్రాన్ని బట్టి అధికారాలు మారతాయి. టెక్సాస్‌లో సీఎన్‌ఎస్ మందులు రాయాలంటే డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. కాలిఫోర్నియాలో సీఎన్‌ఎస్ గుర్తింపు ఒక్కటే మందులు రాసే అధికారం ఇవ్వదు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న రెండు రాష్ట్రాల్లోనే ఇంత తేడా ఉంది. ఆయా రాష్ట్ర నర్సింగ్ బోర్డు నిబంధనలు మీ కళ్లతో మీరే చదవండి.

గంటల లెక్క, డబ్బు లెక్క

ఈ చదువులో మనుషులు అలసిపోయేది పాఠాల దగ్గర కాదు, కాలం దగ్గర. వారానికి ఎనిమిది గంటల చొప్పున రెండు రోజులు క్లినికల్ చేస్తే 500 గంటలకు 31 వారాలు దాటుతాయి. మూడు పన్నెండు గంటల షిఫ్టులు కూడా చేస్తుంటే వారానికి 52 గంటలు ఆసుపత్రిలోనే గడుస్తాయి. చదువు, వంట, పిల్లల హోంవర్కు దాని తర్వాతే. ఆ ఏడాదికి షిఫ్టులు తగ్గించుకునే ఏర్పాటు ముందే చేసుకోండి. ఇంట్లోవాళ్లకు "నేను చదువుతాను" అని చెప్పి ఊరుకోవద్దు. క్యాలెండర్ తీసి ఈ గంటలు చూపించండి. ఏ పూట ఎవరు వండుతారో, పిల్లల్ని బడి నుంచి ఎవరు తెస్తారో భర్తతో, అత్తగారితో, అమ్మతో కూర్చుని ముందే మాట్లాడుకోండి. సాయం అడగడాన్ని బలహీనతగా చూసే అలవాటు మన ఇళ్లలో ఆడపిల్లలకు చిన్నప్పుడే అంటుకుంటుంది. అది వదిలించుకోకుండా ఈ చదువు పూర్తిచెయ్యడం చాలా కష్టం.

డబ్బు సంగతి. మీ ఆసుపత్రి చదువుకు సాయం చేస్తుందా అని మొదట హెచ్‌ఆర్‌ను అడగండి. యజమాని ఇచ్చే చదువు సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను ఉండదు. బదులుగా ఎన్నేళ్లు అక్కడే పనిచెయ్యాలో ఒప్పందంలో రాసి ఉంటుంది, సంతకానికి ముందు చదవండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఫెడరల్ రుణాలకు అర్హులే. అయితే 2026 జూలై 1 నుంచి గ్రాడ్ ప్లస్ రుణాలు కొత్తవాళ్లకు ఉండవు. పాత లెక్కలు నమ్ముకుని చేరవద్దు.

హైదరాబాద్, విజయవాడల నుంచి చూస్తున్నవారికి

ఇండియాలో చేసిన ఎమ్మెస్సీ నర్సింగ్‌తో అమెరికాలో నేరుగా సీఎన్‌ఎస్ కాలేరు. అక్కడ గుర్తింపు ఉన్న కోర్సు, అక్కడి క్లినికల్ గంటలు కావాలి. ముందు ఎన్‌క్లెక్స్ రాసి ఆర్‌ఎన్ కావాలి. స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకు ఇంకో కట్టుబాటు ఉంది: పూర్తికాల చదువు లెక్కలోకి ఒక సెమిస్టరులో ఆన్‌లైన్ తరగతి ఒక్కటే వస్తుంది. ఎక్కువ సీఎన్‌ఎస్ కోర్సులు ఆన్‌లైన్‌లో నడుస్తున్నాయి కాబట్టి వీసాకు పనికొచ్చేవి తగ్గిపోతాయి. ఆర్‌ఎన్‌గా ఈబీ-3 అనే ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డు దారిలో వెళ్లి, అక్కడ కొన్నేళ్లు పనిచేసి, తర్వాత చదవడమే చాలామందికి వీలయ్యే పద్ధతి. ఆ వరసలో భారతీయులకు ఏళ్ల తరబడి నిరీక్షణ ఉందని కూడా తెలిసే అడుగెయ్యండి. మధ్యవర్తులకు లక్షలు కట్టేముందు పైన చెప్పిన సంగతులన్నీ వాళ్లనే అడిగి చూడండి. జవాబు తడబడితే లేచి వచ్చెయ్యండి.

వెళ్లలేకపోతే ఈ కల వదులుకోనవసరం లేదు. ఇక్కడ ఎమ్మెస్సీకి బీఎస్సీ లేదా పోస్ట్ బేసిక్ బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం కావాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు కూడా రూపొందించింది, రెండేళ్లు రెసిడెన్సీ పద్ధతిలో ఎక్కువ కాలం ఐసీయూలోనే గడుస్తుంది. వెల్లూరు సీఎంసీలో పాఠం చెప్పే నర్సులే వార్డు బాధ్యత కూడా చూస్తారు, ఈ పద్ధతి మన రాష్ట్రాల కాలేజీలకూ రావాలని నా కోరిక. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉండాలి. గాయాల సంరక్షణ, డయాబెటిస్ అవగాహన, పాలియేటివ్ కేర్ లాంటి పనులకూ అనుభవమున్న నర్సులు కావాలి. ఎమ్మెస్సీ చేతికి రాగానే కాలేజీకి పరుగెత్తకుండా, ఇలాంటి పని కావాలని మీ మెడికల్ సూపరింటెండెంట్‌ను అడగండి. జీతం విషయంలో మొదట్లో పట్టు పట్టాల్సి రావచ్చు. పట్టండి.

అమెరికా కోర్సుకు దరఖాస్తు చేసేవాళ్లకు వ్యాసం గురించి ఒక్క సూచన. "చిన్నప్పటి నుంచి సేవ చేయాలనే తపన" అని మొదలుపెట్టవద్దు, అది అందరూ రాసేదే. మీ వార్డులో మీరు చూసిన ఒక సమస్య రాయండి. ఎందుకు జరుగుతోందని మీరు అనుకున్నారు, ఏం ప్రయత్నించారు, ఎక్కడ ఆగిపోయారు, ఆగిపోయిన చోట మీకు ఏ చదువు కావాలి? ఈ నాలుగింటికీ జవాబుంటే వ్యాసం సిద్ధమైనట్లే. మీరు చదివిన విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్‌స్క్రిప్టులు రావడానికీ, వాటిని అక్కడి సంస్థలు మదింపు చేయడానికీ నెలలు పట్టవచ్చు, ఆ పని ముందే మొదలుపెట్టండి.

ఈ వారంలో రెండు పనులు చెయ్యండి. ఒక చిన్న నోటుబుక్ కొని డ్యూటీ అయ్యాక మిమ్మల్ని బాధించిన విషయం ఒక్క వాక్యంలో రాయడం మొదలుపెట్టండి. మీకు నచ్చిన మూడు కోర్సుల డైరెక్టర్లకు ప్రిసెప్టర్ గురించి, ట్రాన్‌స్క్రిప్ట్ గురించి పైన చెప్పిన ప్రశ్నలతో మెయిల్ పంపండి. రాతపూర్వకంగా జవాబు ఇవ్వని కాలేజీకి దరఖాస్తు ఫీజు కట్టవద్దు.